కాపలా వారిదే, కష్టమూ వారిదేనా?

సంపాదకుడు గారికి,

గంజాం జిల్లా రుషికుల్య నది ముఖద్వారం వద్ద, అనుకూలించిన ఏడాదిలో లక్షలాది ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు ఇసుకలోంచి బయటపడేది ఎక్కువగా రాత్రిపూటే. సముద్రపు వెలుగును నమ్ముకుని నడవాల్సిన ఆ చిన్న ప్రాణాలు వీధిదీపాలు చూసి ఊరివైపు మళ్లుతాయి. వాటిని బుట్టల్లో ఏరి అలల అంచున వదిలేది చుట్టుపక్కల మత్స్యకారుల పిల్లలే. వారిలో మన తెలుగువారు ఎందరో.

నవంబరు 1 నుంచి మే 31 వరకు అక్కడ తీరానికి 20 కిలోమీటర్లలోపు మరబోట్ల వేట నిషేధం. అది అవసరమే, కాదనం. మరి ఆ ఏడు నెలలూ ఇల్లు గడిచేదెలా? జీవనభృతి నవంబరులోనే చేతికందాలి. తీరం వైపు దీపాలకు తొడుగులు వేయించాలి. రాత్రి కాపలా కాసే యువకులకు కూలి కట్టివ్వాలి.

— ఒక మత్స్యకారుడు, గంజాం జిల్లా, ఒడిశా