థైరాయిడ్ అంటే ఒళ్లు రావడమేనా?

థైరాయిడ్ అనగానే ఒళ్లు రావడమే అనుకునే అలవాటు వల్ల, ఆ గ్రంథి అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధిని మనవాళ్లు ఆలస్యంగా గుర్తిస్తున్నారు. మా చిన్నక్క బాగా తింటున్నా చిక్కిపోయింది. చేతులు వణికేవి, గుండె దడదడలాడేది, నిద్ర పట్టేది కాదు. టెన్షన్ అని ఒకరు, షుగరేమోనని ఇంకొకరు, దిష్టి తగిలిందని మా అత్తయ్య! ఎనిమిది నెలల తర్వాత ఒక డాక్టర్ థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష రాస్తే అసలు సంగతి బయటపడింది. శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున థైరాయిడ్‌ను ఉసిగొల్పే యాంటీబాడీలను తయారుచేయడం ఈ జబ్బుకు మూలం, ఆడవాళ్లలోనే ఎక్కువ. థైరాయిడ్ జోరును తగ్గించే కార్బిమజోల్ మాత్రలు సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర వాడాలి. దడ తగ్గింది కదా అని అక్క మధ్యలో మానేస్తే మళ్లీ మొదటికొచ్చింది. ఆ మాత్రలు వాడేటప్పుడు జ్వరం, గొంతునొప్పి వస్తే వెంటనే డాక్టర్‌ను కలిసి తెల్లరక్తకణాల పరీక్ష చేయించుకోవాలని కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఊళ్లలో బీపీ, షుగర్ చూస్తున్న ఆరోగ్య సిబ్బంది దడ, బరువు తగ్గడం గురించి కూడా అడిగి, అనుమానం ఉన్నవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా ఉచితంగా టీఎస్‌హెచ్ చేయించాలి. కార్బిమజోల్ కొన్న ప్రతివారికీ ఈ హెచ్చరిక ఉన్న తెలుగు చీటీ మందుల షాపులోనే ఇచ్చేలా ప్రభుత్వం ఆదేశించాలి.

– ఒక పాఠకురాలు, తెనాలి