ఒక గొడవ, రెండు కోర్టులు: చెక్కు బౌన్సు కేసులపై కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లా. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు భోజనాలు పెట్టే క్యాటరింగ్ వ్యాపారం నాది. చెక్కు బౌన్సు కేసులు నడిచే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం మీ శాఖ చేతిలో ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను. వాయిదాల గురించి కోర్టులను అడగాలి, నిజమే. కానీ చట్టం మార్చాలన్నా, బ్యాంకుల చేత పని చేయించాలన్నా మీ వల్లే అవుతుంది.

మా దగ్గర డబ్బు ఎలా తిరుగుతుందో ముందు చెప్పాలి. పెళ్లివారు మాట్లాడుకున్న రోజు కొంత అడ్వాన్సు ఇస్తారు. సరుకులు, కూరగాయలు, గ్యాసు, వంట మేస్త్రికి ఇవ్వాల్సింది, అన్నీ మేమే ముందు పెట్టుకుంటాం. వడ్డించిన కుర్రాళ్లకు ఆ రాత్రే కూలి చేతిలో పెట్టాలి. మిగతా డబ్బు పెళ్లయ్యాక ప్లేట్ల లెక్క చూసుకుని ఇస్తారు. అప్పగింతల హడావిడిలో ‘ఇప్పుడు చేతిలో లేదండీ’ అంటే చెక్కు తీసుకుని వచ్చేస్తాం. బండి అమ్మినవాడికి బాకీ రాకపోతే బండి వెనక్కి తెచ్చుకునే దారి ఉంటుంది. తిన్న భోజనాన్ని ఎవరు వెనక్కి ఇవ్వగలరు? ఫొటోలు తీసినవాడికీ, డెకరేషన్ చేసినవాడికీ, షామియానా వేసినవాడికీ ఇదే పరిస్థితి. పని చేసేశాక మా చేతిలో మిగిలేది ఆ చెక్కు ఒక్కటే.

నాకు ఎదురైన ఒక కేసు చెబుతాను. మాట్లాడుకున్నది 600 ప్లేట్లు. ముహూర్తం రోజు జనం పెరిగారు, 740 దాకా వెళ్లింది. మిగిలిన డబ్బుకు ఇచ్చిన చెక్కును బ్యాంకులో వేస్తే ‘ఫండ్స్ ఇన్‌సఫీషియంట్’ అని మెమో పెట్టి తిప్పి పంపారు. ఫోన్ చేస్తే, ‘చివరి బంతిలో మజ్జిగ చాలలేదు, వియ్యాలవారి ముందు మా పరువు పోయింది, ఆ ఎక్కువ ప్లేట్లకు మేమెందుకు ఇవ్వాలి?’ అన్నారు. చెప్పిన లెక్క దాటి వంద మందికి పైగా వస్తే చివరి బంతికి ఏదో ఒకటి తగ్గుతుందని నా మాట. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే పెద్దమనిషి ఉంటే గంటలో తేలిపోయే లెక్క ఇది. కేసుకు ముందే అలా తప్పనిసరిగా కూర్చోబెట్టే ఏర్పాటే మన పద్ధతిలో లేదు.

ఉన్నదల్లా చెక్కు బౌన్సును నేరంగా చూసే సెక్షన్ 138. మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అవతలివారికి 15 రోజులు గడువివ్వాలి, అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఇక్కడిదాకా లెక్క ప్రకారమే జరిగిపోతుంది. ఆ తర్వాతే కథ ఆగిపోతుంది. సమన్లు వెళ్తాయి, ‘ఇంటికి తాళం’ అని తిరిగొస్తాయి. మళ్లీ వెళ్తాయి, ‘ఈ చిరునామాలో లేరు’ అని వస్తాయి. ఆరు నెలల్లో విచారణ ముగించే ప్రయత్నం చేయాలని సెక్షన్ 143 చెబుతోంది. 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చని 2018లో సవరణ కూడా తెచ్చారు. మంచి సవరణే. కానీ అవతలి మనిషి కోర్టుకు వచ్చి ‘నేను నేరం చేయలేదు’ అన్నాకే ఆ పరిహారం మాట వస్తుంది. సమన్లే అందకపోతే ఆ 20 శాతం ఎవరికి?

గుజరాత్‌లో 2005లో బౌన్సయిన లక్షా 70 వేల రూపాయల గొడవ ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లేసరికి 15 ఏళ్లు పట్టింది. కింది కోర్టులోనే ఏడేళ్లు. 2020లో ఆ కేసు చూశాకే సుప్రీంకోర్టు బాధపడి, ఈ కేసులన్నిటి మీదా తనంతట తానే విచారణ మొదలుపెట్టింది. 2019 చివరికి దేశంలో పెండింగులో ఉన్న క్రిమినల్ కేసులు 2.31 కోట్లయితే, అందులో 35.16 లక్షలు చెక్కు కేసులేనని అప్పుడే బయటికొచ్చింది. అందులో మా వంటి చిన్నవాళ్లవి ఎన్నో ఎవరూ విడిగా లెక్క తీయలేదు. తీస్తే బాగుండేది.

ఇదంతా చదివి, వ్యాపారస్తుడు తన పక్షమే చెప్పుకుంటున్నాడని మీరు అనుకోవద్దు. మా వీధిలో ఒక టైలరున్నాడు. కూతుర్ని వేరే ఊళ్లో కోచింగ్‌లో చేర్చాడు, హాస్టల్ కూడా అక్కడే. చేర్చేటప్పుడు మిగతా వాయిదాలకు హామీ అంటూ రెండు ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టించుకున్నారు. పిల్లకు ఆరోగ్యం బాగోలేక రెండో నెలలోనే ఇంటికి వచ్చేసింది. ఏడాది ఫీజంతా ఆ చెక్కుల మీద రాసి బ్యాంకులో వేశారు. లాయర్ నోటీసు పట్టుకుని మా ఇంటికి వచ్చినప్పుడు అతను అడిగిన మొదటి మాట, ‘కేసంటే జైలేనా అన్నయ్యా?’ అని. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా అని ఆ కాగితంలో రాసి ఉంది. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టి ఉండదు.

అతని వైపు న్యాయం లేదా అంటే ఉంది. అందని సరుకుకు అడ్వాన్సుగా ఇచ్చిన చెక్కు, ఆర్డరు రద్దయ్యాక బాకీ కిందికి రాదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యలో మానేసిన పిల్లలకు మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో వెనక్కి ఇవ్వాలని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టినా, ఎవరు నింపినా, బాకీ ఉన్నట్టే మొదట భావించాలని 2019 తీర్పు. కాదని నిరూపించుకునే భారం సంతకం పెట్టినవాడిదే. 2015 సవరణ తర్వాత కేసు, డబ్బు రావాల్సినవారి బ్యాంకు బ్రాంచి ఉన్న ఊళ్లో నడుస్తుంది. కాబట్టి రోజు కూలి వదులుకుని, బస్సెక్కి, ఆ నగరానికి వెళ్లి నిరూపించుకోవాలి.

అతను వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు. 2019 చట్టం ప్రకారం తానున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. అప్పుడేమవుతుంది? సేవ సరిగ్గా అందిందా లేదా అని ఇక్కడి కమిషన్ చూస్తుంది. చెక్కు చెల్లిందా లేదా అని అక్కడి మేజిస్ట్రేటు చూస్తారు. గొడవ ఒక్కటే, మనుషులూ వాళ్లే, డబ్బూ అదే. ఒక చోట ఉన్న కాగితం రెండో చోటికి చేరదు. నాలాంటివాడికైతే ఆ కమిషన్ గడప ఎక్కే హక్కే లేదు, అది కస్టమరుకే. కాబట్టి నేను చెక్కు కేసు వేస్తాను, కస్టమరు సేవాలోపం కేసు వేస్తాడు, ఇద్దరం లాయర్లకు కట్టుకుంటూ ఉంటాం.

నిజంగా గొడవ ఉండి చెక్కు ఆపినవాడినీ, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు పని అయ్యాక మొహం చాటేసేవాడినీ చట్టం ఒకేలా చూడాలనుకోలేదు. ఖాతాలో డబ్బుంచుకుని, సరైన కారణంతోనే చెక్కు ఆపించానని నిరూపించినవాడిది నేరం కాదని మేడ్చల్ కెమికల్స్ కేసులో 2001లోనే సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కానీ ఆ తేడా తేలేది విచారణ చివర్లో. అప్పటికి ఇద్దరికీ ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. ఆ తేడాను మొదటి వాయిదాలోనే తేల్చే ఏర్పాటు కావాలన్నదే నా మనవి.

2020లో మీ శాఖే సెక్షన్ 138ని నేరాల జాబితా నుంచి తీసేద్దామని ప్రతిపాదించింది. వ్యాపారులు వద్దంటే వెనక్కి తగ్గింది. దయచేసి మళ్లీ ఆ ఆలోచన చేయకండి. కేసు అవుతుందన్న ఆ టెన్షన్ వల్లే మాకు పది చెక్కుల్లో తొమ్మిది పాసవుతున్నాయని నా అనుభవంతో చెబుతున్నాను. ఆ భయం అలాగే ఉంచి, తప్పుడు చోట వాడకుండా చేయండి.

అందుకు, చెక్కు ఇస్తే బాకీ ఉన్నట్టే మొదట భావించాలనే సెక్షన్ 139లో చిన్న మార్పు చాలు. సేవలు అమ్మే వ్యాపారం ఎవరి దగ్గరైనా హామీ చెక్కు తీసుకుంటే, ఏ పనికి, ఎంత మొత్తానికి, ఏ షరతు మీద తీసుకుందో రాసి రసీదు ఇవ్వాలి. రసీదు లేకపోతే బాకీ ఉందని నిరూపించే భారం ఆ వ్యాపారి మీదే ఉండాలి. ఇది నాకూ వర్తిస్తుంది, వర్తించాలి కూడా. మధ్యలో అందిన సొమ్ము సంగతీ ఆ రసీదు మీదే రాసుకోవచ్చు. చెక్కు ఇచ్చాక కొంత బాకీ తీరిస్తే, ఆ సంగతి చెక్కు మీద రాసి మిగిలినదానికే వేయాలని 2022 తీర్పు. ఇది తెలియక, ఫోన్‌పేలో వచ్చిన పది వేలు లెక్కలోకి తీసుకోకుండా చెక్కు మొత్తానికి కేసు వేసి, కేసే పోగొట్టుకునే ప్రమాదంలో మా వ్యాపారులు చాలామంది ఉన్నారు.

ఇంకొకటి, చిన్న మొత్తాల గొడవలను, రెండు లక్షల లోపు అనుకుందాం, సమన్లకు ముందే మండల న్యాయ సేవాధికార కమిటీ దగ్గర ఒక్కసారి కూర్చోబెట్టాలి. కస్టమరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి ఉంటే ఆ కాగితాలూ అక్కడికే రావాలి. రాజీ కుదిరితే అక్కడే కట్టేస్తారు. సమన్ల మీదే యూపీఐ లింకు ఇచ్చి, అప్పటికప్పుడు కట్టే వీలు కల్పించమని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది మా ఊరి కోర్టు దాకా సక్రమంగా వచ్చేలా చూడమని రాష్ట్రాలకు మీరూ గట్టిగా చెప్పండి.

అన్నిటికన్నా ముందు బ్యాంకుల సంగతి. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కు పాసయిందో లేదో గంటల్లో తేలిపోతోంది. అంత వేగంగా పని చేసే బ్యాంకు దగ్గర ఖాతాదారుడి ఇప్పటి చిరునామా, రిజిస్టరయిన మొబైల్ నంబరు, ఈమెయిల్ అన్నీ ఉంటాయి. సమన్లు మాత్రం పాత ఇంటి తాళం దగ్గర ఆగిపోతున్నాయి. ఈ వివరాలు పంచుకునే ఏర్పాటు చేయవచ్చని సుప్రీంకోర్టు 2020లోనే సూచించింది. నా చేతికి ఇవ్వనక్కర్లేదు, ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరి చేతిలో పడితే వేధింపులూ మొదలవుతాయి. ఫిర్యాదు నమోదైన రోజే బ్యాంకు నేరుగా కోర్టుకు పంపితే చాలు.

చట్ట సవరణకు పార్లమెంటు దాకా ఆగాలి, నాకు తెలుసు. బ్యాంకుల పనికి అంతదాకా ఆగనక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకుతో మాట్లాడి ముందు ఆ ఒక్క సర్క్యులర్ ఇప్పించండి.

ఇట్లు,
ఒక క్యాటరింగ్ వ్యాపారి,
పశ్చిమ గోదావరి జిల్లా