కొత్త బ్యాటరీకి ఒక్క పూట టైమివ్వండి

సంపాదకులకు నమస్కారం.

వికారాబాద్ వైపు వారాంతానికి వచ్చిన ఒక హైదరాబాద్ పాఠకుడి ఉత్తరం ఈ మధ్య మీ పేజీలో చదివాను. పిల్లలతో ఏటీవీ (గుట్టల మీద, మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) ఎక్కితే ట్రాక్ మధ్యలో బండి ఆగిపోయిందట. సెల్ఫ్ కొడితే టకటకమనడం తప్ప స్టార్ట్ కాలేదట. “మొన్ననే కొత్త బ్యాటరీ వేసినం సార్, కంపెనీ మాల్ మంచిగ లేదు” అని రిసార్టువాళ్లు చెప్పి, డబ్బులు వాపసు ఇవ్వకుండానే పంపించేశారట. అది ఏ రిసార్టో నాకు తెలియదు. డబ్బులు మాత్రం ఇచ్చి తీరాల్సింది. బ్యాటరీ కొనడం వాళ్ల ఖర్చు, టికెట్ కొన్నాయనది కాదు.

నేను వికారాబాద్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌ని. ట్రాక్టర్లు, ఆటోలు, బైకులతో పాటు అనంతగిరి చుట్టుపక్కల రిసార్టుల ఏటీవీలు కూడా నా దగ్గరికి వస్తుంటాయి. సోమవారం షట్టర్ ఎత్తేసరికి “అన్నా, రెండు నెలలు కాలే, కొత్త బ్యాటరీ గిట్లెట్ల పోయింది?” అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. నేను ముందు అడిగేది ఒకటే. కొన్నరోజు దాన్ని చార్జింగ్ పెట్టారా? అటునుంచి వచ్చే జవాబు కూడా ఒకటే: “కొత్తదానికి చార్జింగ్ ఎందుకన్నా?”

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ జవాబే.

ఏటీవీలకు వేసే మెయింటెనెన్స్ ఫ్రీ (నీళ్లు పోసే పని లేని) బ్యాటరీలు చాలావరకు పొడిగా వస్తాయి. అట్టపెట్టెలో బ్యాటరీ వేరుగా, యాసిడ్ ప్యాక్ వేరుగా ఉంటాయి. మోడల్ నంబర్ చివర ‘బీఎస్’ అని ఉంటే అలాంటిదే అనుకోండి. ఆరు మూతులున్న ఆ ప్యాక్‌ను తలకిందులు చేసి బ్యాటరీ రంధ్రాల్లోకి నొక్కితే యాసిడ్ బుడగలు వేస్తూ దిగుతుంది. ప్యాక్ మీది రేకు చింపకూడదు, అది లోపలికి నొక్కినప్పుడు దానంతట అదే తెగుతుంది. ఆరు గొట్టాల్లోనూ బుడగలు కనబడాలి. ఒకదాంట్లో రాకపోతే సీసా అడుగున వేలితో రెండుసార్లు తడితే కదులుతుంది. సగంలో లాగేస్తే ఆ ఒక్క గది ఆకలితో ఉండిపోతుంది, ఇక ఆ బ్యాటరీ ఎప్పటికీ పూర్తి 12 వోల్టుల బ్యాటరీ కాదు.

యాసిడ్ మొత్తం దిగాక తొందర పడకూడదు. లోపల పలకల మధ్య గాజుపీచుతో చేసిన పొరలు ఉంటాయి, అవి యాసిడ్‌ను పీల్చుకోవాలి. చిన్న బ్యాటరీకి కనీసం అరగంట, పెద్దదానికి గంట కదపకుండా ఉంచాలి. ఇంత చేసినా అప్పటికి అందులో ఉండేది 80 శాతం చార్జే. మిగతాది చార్జర్ మీద పెట్టి నింపుకోవాలి. కెపాసిటీలో పదో వంతు కరెంటు చాలు. 12 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 1.2 ఆంపియర్లు. కార్ల షాపులో ఉండే పెద్ద చార్జర్ తగిలించి గంటలో పని కానిచ్చేస్తే అది నింపడం కాదు, ఉడకబెట్టడం. చార్జింగ్ అయ్యాక కొంతసేపు ఊరుకోనిచ్చి మీటర్ పెడితే 12.8 వోల్టుల దగ్గర చూపించాలి. మూత పట్టీ ఒకసారి నొక్కి బిగించాక మళ్లీ తెరవకూడదు, నీళ్లు పోయకూడదు.

జరుగుతున్నది ఇలా లేదు. కొనేవాడికి శుక్రవారం సాయంత్రం గుర్తొస్తుంది. అమ్మేవాడి కౌంటర్ ముందు ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. యాసిడ్ పోయడం, మూత కొట్టడం, టీ చల్లారకముందే చేతిలో పెట్టడం. “బండి నడుస్తుంటే అదే ఎక్కుతది” అని ఒక భరోసా. హైవే మీద రెండు గంటలు పోయే బైకయితే కొంతవరకు నిజమేనేమో. రిసార్టు ఏటీవీకి మాత్రం అది అబద్ధం. పది నిమిషాల రౌండు, ఆపు, ఇంకొకరిని ఎక్కించు, మళ్లీ సెల్ఫ్. ఒక్కో సెల్ఫ్‌కి పోయింది తిరిగి చేరేలోపే ఇంజన్ ఆపేస్తారు. 80 దగ్గర మొదలైనది రెండు వారాల్లో 60 అవుతుంది. అలా సగం ఖాళీగా పడి ఉన్న బ్యాటరీలో పలకల మీద తెల్లగా సల్ఫేట్ పేరుకుని గట్టిపడుతుంది. గట్టిపడ్డాక ఎంత చార్జింగ్ పెట్టినా కరగదు.

ఇక కొనే విషయం. ఏ కంపెనీది వేయమంటావు అని అందరూ అడుగుతారు. తిరుపతి పక్కన కరకంబాడిలో ఇంత పెద్ద బ్యాటరీ ఫ్యాక్టరీ పెట్టుకున్నవాళ్లం కాబట్టి ఒక పేరు నోటికి రావడం సహజమే. కానీ పేరున్న కంపెనీల మధ్య నాకు కనబడ్డ తేడా తక్కువ. తయారైన నెల, మోడల్ నంబర్, ఈ రెండూ పేరు కంటే ముఖ్యం. ఫ్యాక్టరీలోనే యాసిడ్ నింపి వచ్చిన బ్యాటరీ షెల్ఫ్ మీద ఊరికే కూర్చున్నా చార్జ్ దిగుతూనే ఉంటుంది. వారంటీ కార్డు మీద ఇవాళ్టి తేదీ వేసినంత మాత్రాన అది ఇవాళ్టి బ్యాటరీ అయిపోదు. షాపులోనే మీటర్ పెట్టమనండి. 12.5 కంటే తక్కువ చూపిస్తే చార్జింగ్ పెట్టి రేపు ఇవ్వమనండి.

మోడల్ నంబర్లో ఒక్క అక్షరం ఎంత నష్టం తెస్తుందో చెప్తాను. వైటీఎక్స్20-బీఎస్, వైటీఎక్స్20ఎల్-బీఎస్ రెండూ పక్కపక్కన పెడితే సైజులో తేడా ఉండదు. కానీ టెర్మినళ్లు మన వైపు ఉండేలా పట్టుకుంటే మొదటిదాని ప్లస్ ఎడమకు, ‘ఎల్’ ఉన్నదాని ప్లస్ కుడికి వస్తుంది. పొరపాటున రెండోది తెచ్చి, వైరు ఏ పక్కకు అందితే ఆ పక్కకు బిగించిన బండి నా దగ్గరికి వచ్చింది. ఫ్యూజు, రెక్టిఫయర్ (ఇంజన్ నుంచి వచ్చే కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చే భాగం) రెండూ కాలిపోయి ఉన్నాయి. కొన్ని ఏటీవీలకు రెక్టిఫయర్ ఖరీదు బ్యాటరీ కంటే ఎక్కువ, పైగా వారం పది రోజులకు గానీ దొరకదు. పాత బ్యాటరీ ఫోటో తీసుకుని షాపుకు వెళ్తే ఈ గొడవే ఉండదు.

చవకగా వస్తుందని నీళ్లు పోసే రకం వేసేవాళ్లూ ఉన్నారు. గుట్టల మీద ఒరిగి ఒరిగి పోయే బండికి అది పనికిరాదు. గాలి గొట్టం ఎక్కడో నలిగి, యాసిడ్ ఫ్రేమ్ మీదికి కారి, పెయింట్ పొక్కులు లేచి తుప్పు పట్టిన బండి చూస్తే మళ్లీ ఆ పని చేయరు. ఇంటర్నెట్‌లో చూసి “సీసీఏ ఎక్కువున్నది కావాలె” అని వచ్చే కుర్రాళ్లకు ఒక మాట. ఆ అంకె మైనస్ 18 డిగ్రీల చలిలో బ్యాటరీ ఎంత కరెంటు ఇస్తుందో చెప్తుంది. రెండు బ్యాటరీలను పోల్చుకోవడానికి బాగానే పనికొస్తుంది. మనకు మాత్రం ముప్పు చలితో కాదు, ఎండతో.

అనంతగిరికి జనం వచ్చేది వానల్లో, చలికాలంలో. ఏప్రిల్, మే నెలల్లో ఏటీవీలు రేకుల షెడ్డులో నిలబడిపోతాయి. పైన 42 డిగ్రీలు, రేకు కింద ఇంకా ఎక్కువ. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ తనంతట తాను ఖాళీ అయ్యే వేగం సుమారు రెట్టింపు అవుతుంది. మనవాళ్లు దానికి తోడు ముందు పెద్ద ఎల్‌ఈడీ బార్, వెనక మ్యూజిక్ సిస్టమ్, ఒక జీపీఎస్, అన్నీ స్విచ్‌తో పని లేకుండా నేరుగా బ్యాటరీకే తగిలిస్తారు. జూన్‌లో మొదటి వానకు బండి తీస్తే చప్పుడు ఉండదు. అప్పుడు తిట్లు తినేది మళ్లీ కంపెనీయే.

సీజన్ అయిపోగానే మైనస్ వైరు ముందు, ప్లస్ తర్వాత విప్పి బ్యాటరీని బయటికి తీసేయండి. బిగించేటప్పుడు ప్లస్ ముందు. నీడలో పెట్టి నెలకోసారి చార్జ్ చేయండి, లేదా బ్యాటరీ నిండగానే తానే కరెంటు తగ్గించే ఆటోమేటిక్ చార్జర్ ఒకటి కొని బండ్లన్నిటికీ వంతులవారీగా తగిలించండి. సిమెంటు నేల మీద పెడితే చార్జ్ దిగిపోతుందని పెద్దవాళ్లు చెప్తారు. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు ఆ బాధ లేదు. అయినా మా షాపులో ప్రతి బ్యాటరీ కింద చెక్కముక్క ఉంటుంది. మా నాన్న అలవాటు, నేను తీయలేదు.

అన్నిసార్లూ తప్పు బ్యాటరీదే అనుకోవడానికీ లేదు. ఇంజన్ రేజ్ చేసి టెర్మినళ్ల మీద మీటర్ పెడితే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 13 దాటకపోతే మ్యాగ్నెట్ కాయిల్ (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించేది) గానీ, రెక్టిఫయర్ గానీ చూడాలి. 15 దాటితే రెక్టిఫయర్ పోయినట్టే, కొత్త బ్యాటరీని కూడా అదే చంపేస్తుంది. టెర్మినళ్ల మీద పచ్చగా తెల్లగా పేరుకున్నది గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, పైన కొంచెం వాసెలిన్ రాస్తే చాలు. బ్యాటరీని పట్టే రబ్బరు బెల్టు తెగితే తాడు కట్టకండి, బెల్టే వేయండి. గుట్టల కుదుపులకు లోపలి పలకలు విరుగుతాయి.

లిథియం సంగతి కూడా అడుగుతున్నారు. తేలిక, బాగానే పనిచేస్తుంది. అయితే దానికి తగిన చార్జర్ ఉండాలి, బండి రెక్టిఫయర్ వోల్టేజ్ అదుపులో ఉండాలి. ఈ రెండూ చూడకుండా వేయమంటే నేను వేయను.

పాత బ్యాటరీలను ఎక్కువ ధర ఇస్తామన్న తుక్కు బండ్లకు అమ్మకండి. పగలగొట్టి యాసిడ్ కాలవలో పారబోసి, సీసం ఊరి బయట కరిగిస్తారు. ఆ పొగ పిల్లలకు విషం. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి సేకరించే బాధ్యత కంపెనీలదే. కాబట్టి కొత్తది కొన్న డీలరుకే పాతది ఇచ్చి, బిల్లులో దాని విలువ తగ్గించమని అడగండి.

చివరగా వికారాబాద్, తాండూరు, పరిగి బ్యాటరీ షాపులవాళ్లకు ఒక విన్నపం. యాసిడ్ పోసిన తేదీ, చార్జర్ మీది నుంచి తీసిన టైము, అప్పటి వోల్టేజ్, ఈ మూడూ మార్కర్‌తో బ్యాటరీ పక్కన రాసి ఇవ్వండి. చార్జింగ్‌కు ఒక పూట పడుతుందని బోర్డు పెట్టండి, కావాలంటే దానికి విడిగా కూలి తీసుకోండి. ఆగలేనన్నవాడికి అమ్మకండి. వాడు రెండు నెలల్లో మీ దగ్గరికే గొడవకు వస్తాడు.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
వికారాబాద్