స్క్రిప్టుల నకళ్లతో జాగ్రత్త

మిత్రులారా, మీ సైట్లలో ఈ రోజే ఒకటి చూసుకోండి. పీహెచ్‌పీ ఫైలు (సైటు పేజీలను తయారుచేసే కోడ్) సర్వర్‌లోనే నడుస్తుంది, చూసేవారికి ఫలితం మాత్రమే చేరుతుంది. కానీ మార్పులు చేసేముందు ‘కాన్ఫిగ్.పీహెచ్‌పీ.బ్యాక్’ అని మనం దాచుకునే సెట్టింగుల ఫైలు నకలు సంగతి వేరు. సర్వర్ దాన్ని నడపదు; అడిగినవారికి డేటాబేస్ పాస్‌వర్డుతో సహా ఉన్నదున్నట్టు పంపేస్తుంది. నాకు ఒకసారి ఇలాగే జరిగింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాస్‌వర్డులున్న ఫైళ్లను వెబ్ ఫోల్డర్‌ బయట, ఒక మెట్టు పైన ఉంచండి. ఎవరైనా చదివి, మార్చగల 777 అనుమతి ఎక్కడా వద్దు. కోడ్‌లో చేసిన మార్పులను గిట్ అనే సాధనం దాచే డాట్ గిట్ (.git) ఫోల్డర్ బయటికి కనిపించడం మరీ ప్రమాదం, పాత కోడ్ చరిత్రంతా అందులోనే ఉంటుంది.

ఏదైనా బయటపడిందని అనుమానం వస్తే ఫైలు తీసేసి ఊరుకోకండి, పాస్‌వర్డు వెంటనే మార్చండి. సందేహాలు ఇక్కడే అడగండి. అసలు ఫైలును మాత్రం గ్రూపులో పెట్టకండి.