ముందు గుంత సంగతి చెప్పండి

అయ్యా,

గత ఆదివారం మీ పత్రిక లద్దాఖ్‌లో మొక్కల పండగ గురించి అరపేజీ వేసింది. నల్లకళ్లద్దాల పెద్దమనుషులు ఆరుగురు, మధ్యలో ఒక మొక్క. అదీ జులైలో! వారం గడిచినా ఆ ఫోటో మింగుడుపడక రాస్తున్నాను.

సైన్యంలో ఉండగా లేహ్ దగ్గర రెండు చలికాలాలు గడిపాను. మొక్కలు నాటే పని మాకూ పడింది. అక్కడ నేలంటే మట్టి కాదు, ఇసుకా గులకరాళ్లూ. ఏడాది మొత్తానికి వాన పది సెంటీమీటర్లుంటే గొప్ప. నవంబరు దాటితే నేల గడ్డకట్టి పలుగు దెబ్బకు పలుగే ఎగిరిపడుతుంది. అందుకే గుంతలు అక్టోబరుకల్లా తవ్వాలి. రాళ్లు ఏరి, వాగు ఒండ్రు, మాగిన పేడ వీపున మోసుకొచ్చి నింపాలి. ఏరిన రాళ్లను పారేయబోతే ఊరి పెద్దాయన ఒకరు కోప్పడి, గాలి వచ్చే వైపు గుంత అంచున పేర్పించారు. ఆ చాటున మంచు పోగై, కరిగి, అక్కడే ఇంకుతుందట. ఏప్రిల్‌లో మనిషెత్తు విల్లో, పాప్లర్ కొమ్మలు కొట్టి, కాలువలో నానబెట్టి లోతుగా పాతేవాళ్లం. వేళ్లున్న లేత మొక్కను పైపైన నాటితే, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే నేల దాన్ని పన్ను పీకినట్టు పీకేస్తుంది. మొదలుకు పాత డబ్బా రేకు చుట్టకపోతే మిగిలింది మేకల పాలవుతుంది.

మరి నీళ్లో? నాటేది ఏప్రిల్‌లో, కొండమీది మంచునీరు దిగేది జూన్‌లో. ఈ లోటు పూడ్చడానికే చేవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజినీరు చలికాలపు వాగునీటిని ఊరికి దగ్గరలో గడ్డకట్టించి, వసంతంలో పొలాలకు పారించారు. 2015లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. మీ అరపేజీలో ఆయన పేరు లేదు. అతిథుల పేర్లు మాత్రం హోదాలతో సహా ఉన్నాయి.

ఇక్కడ మాత్రం ఏం తక్కువ? మా ఊరి రోడ్డు పక్కన వనమహోత్సవం గుంత ఒకటుంది. మూడేళ్లుగా అదే గుంత, ఏటా కొత్త మొక్క, కొత్త అధికారి. మొక్క లేని ఇనుప కంచెకు మొన్న రంగు కూడా వేయించారు. రంగుకు నిధులున్నాయి, బిందెడు నీళ్లకు లేవు.

ఎన్ని వేల మొక్కలు నాటారో రాశారు. గుంతలు ఎప్పుడు తవ్వారో, నీళ్లు ఎక్కడివో మీ విలేకరి అడగలేదు. వచ్చే జూన్‌లో ఆయన్నే మళ్లీ అక్కడికి పంపండి. ఫోటో అక్కర్లేదు, బతికినవాటి లెక్క వేయండి చాలు.

- ఒక విశ్రాంత హవల్దారు,
శ్రీకాకుళం జిల్లా