ట్రాముకు దారి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ మధ్య కోల్‌కతాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గర పది రోజులు ఉండి వచ్చాను. కాళీఘాట్, దక్షిణేశ్వర్, విక్టోరియా మెమోరియల్ అందరిలాగే చూశాను. హుగ్లీ నది కింద నుంచి వెళ్లే మెట్రో కూడా ఎక్కాను. కానీ ఈ ఉత్తరం శ్యామ్‌బజార్ నుంచి ఎస్ప్లనేడ్‌కు వెళ్లే ట్రాము గురించి.

ఎక్కగానే నా చూపు కండక్టరు మీదికే పోయింది. భుజాన తోలు సంచి, వేళ్ల సందుల్లో నిలువుగా మడిచిన నోట్లు, చేతిలో పలుచని టికెట్ల కట్ట. పైన వేలాడే తాడు లాగితే డ్రైవరు దగ్గర గంట మోగుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బస్సుల్లోనూ అలాంటి తాడే ఉండేది. నేనూ కండక్టరునేనని వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆయన టికెట్ కొట్టి ఇచ్చి, నవ్వుతూ తాడు నా చేతికి అందించారు. ఆ తర్వాతి స్టాపులో గంట నేనే కొట్టాను. ఎన్నేళ్లయిందో ఆ పని చేసి!

కాలేజ్ స్ట్రీట్‌లో ట్రాము ఆగిపోయింది. పట్టాల మీద ఎవరో కారు నిలిపి పుస్తకాల కొట్లలోకి వెళ్లారట. బస్సయితే పక్కకు తిప్పుకుని పోతుంది. పట్టాలు వదిలి కదలలేని బండి ఏం చేస్తుంది? డ్రైవరు కాలితో గంట నొక్కుతూనే ఉన్నారు. వెనుక బస్సులు, టాక్సీలు ఒకటే హారన్లు. గడియారం చూసుకున్నాను, పద్నాలుగు నిమిషాలు. కారు మనిషి తాపీగా వచ్చి, ఎవరి వైపూ చూడకుండా బండి తీసుకుపోయారు. ట్రాఫిక్ నిలిచింది ట్రాము వల్లేనని నా వెనుక సీటాయన విసుక్కున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

1873లో గుర్రాలతో మొదలై, 1902లో కరెంటుకు మారిన బండి అది. 1943లో హౌరా వంతెన తెరిచినప్పుడు దాని మీద ముందుగా నడిచింది ట్రామేనట. 1993లో ఆ వంతెన మీద ట్రాములు ఆపేశారు. 2024లో మైదానం–ఎస్ప్లనేడ్ మధ్య కొద్ది దూరం తప్ప తక్కినవన్నీ తీసేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. వ్యవహారం హైకోర్టుకు చేరింది. ఆ ముక్క ఒక్కటే మిగిలితే అది షికారు బండి అవుతుంది. నాతో ప్రయాణించినవారు షికారుకు రాలేదు. బడి పిల్లలు, పూల బుట్టతో ఒక ముసలమ్మ, ఫైళ్లు ఒళ్లో పెట్టుకున్న గుమాస్తా. ముసలమ్మ మెట్టెక్కి నిలదొక్కుకునే దాకా కండక్టరు గంట కొట్టలేదు.

మద్రాసులో 1895లోనే కరెంటు ట్రాములు వచ్చాయి. అక్కడ చదువుకున్న మన పెద్దలు ఎందరో వాటిలో తిరిగినవారే. 1953లో అవి ఆగిపోయాయి. ఇప్పుడు మన పిల్లలకు చూపిద్దామంటే ఏముంది?

పట్టాల మీద బండి నిలిపినవారికి ముందు గట్టిగా జరిమానా వేయాలి. ఆరు నెలలు దారి ఖాళీగా ఉంచి నడిపి చూశాక ట్రాము సంగతి తేల్చాలి. పొగ లేని ఆ బండికి అంతమాత్రం అవకాశం ఇవ్వాలి. కోల్‌కతా వెళ్లే మనవాళ్లకు కూడా నా విన్నపం: ఒక పూట ట్రాములో తిరగండి. ఎక్కేటప్పుడు చిల్లర చేత్తో పట్టుకోండి.

— ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టరు, గుంటూరు