క్రేటు ఇవ్వలేనివారు కోల్డ్ చెయిన్ ఇస్తారా?

సంపాదకులకు,

పండ్లు, కూరగాయలను కోత తర్వాత పాడవకుండా కాపాడే ఆధునిక పద్ధతులపై గత వారం మీ వ్యవసాయ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో వర్ణించిన కోల్డ్ చెయిన్ (పొలం నుంచి బజారు దాకా సరుకును చల్లగా ఉంచే ఏర్పాటు) శీతల వాహనాలు, ఎథిలీన్ వాయువుతో పండ్లు ముగ్గబెట్టే గదులు మా రాయగడ జిల్లాలో ఏ దారిన తిరుగుతున్నాయో తెలిపితే, మేమూ వెళ్లి చూసి వస్తాం.

మా గుణుపురం సంతకు కొండమీది గూడేల నుంచి టమాటా ఇప్పటికీ వెదురు గంపల్లోనే దిగుతుంది. పైబరువుకు అడుగు కాయలు చితికి, ఆ రసం తగిలి మంచివి కూడా కుళ్లుతాయి. పొద్దు వాలేసరికి సగం ధరకు ఇస్తామన్నా కొనేవాడు ఉండడు. తిరిగి మోసుకెళ్లలేక పశువులకు పారబోసి పోతారు. ప్లాస్టిక్ క్రేట్లలో తెస్తే ఈ నష్టం చాలావరకు తగ్గుతుందని తెలియని అధికారి లేడు, రైతు చేతికి ఒక క్రేటు ఇచ్చిన అధికారీ లేడు.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ కరెంటు అక్కరలేని చల్లని అరను 1980ల్లోనే రూపొందించింది. రెండు వరుసల ఇటుక గోడ కట్టి, నడుమ ఇసుక నింపి తడుపుతూ ఉంటే, ఆవిరయ్యే నీరు వేడిని లాగేసి, ఎండాకాలంలో లోపల 10–15 డిగ్రీలు తగ్గిస్తుంది. తేమ 90 శాతం వరకు నిలుస్తుంది. ఇటుకకూ ఇసుకకూ మాకు కొరత లేదు. (వేసవిలో నీళ్ల సంగతికి మరో లేఖ రాయాలి.) అయినా చూసి నేర్చుకుందామంటే మా చుట్టుపక్కల ఒక్కటీ లేదు. శిక్షణ శిబిరాలకు మాత్రం లోటు లేదు: హాలు, దండలు, భోజనం, ఫొటో, చివర ఒక ప్లాస్టిక్ ఫోల్డరు.

ఇక మామిడి. కాల్షియం కార్బైడుతో ముగ్గబెట్టడం నిషేధమన్నది కొత్త మాటేమీ కాదు. దానికి బదులుగా ఎథిలీన్ వాయువును 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) వరకు వాడుకోవచ్చని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనే అనుమతించింది. ఇక్కడ మాత్రం నేటికీ పండ్ల నడుమ కార్బైడు కాగితపు పొట్లాలు కనిపిస్తాయి. తనిఖీ జరిగే రోజు ఆ పొట్లాలకు ఎలా తెలిసిపోతుందో గానీ, ఆ ఒక్క పూట అవి మాయమవుతాయి.

నిధులు లేవంటే నమ్మలేం. 2020లో కేంద్రం లక్ష కోట్ల రూపాయల వ్యవసాయ మౌలిక వసతుల నిధి ప్రకటించి, 2 కోట్ల వరకు రుణాలపై 3 శాతం వడ్డీ రాయితీ ఇచ్చింది. అయితే రాయితీ అందేది బ్యాంకు గుమ్మం దాటగలిగినవారికే. మా దగ్గర ప్రజల సొమ్ముతో కట్టిన శీతల గిడ్డంగి ఒకటి ఉంది. శిలాఫలకం మీద పేర్లు చెక్కుచెదరలేదు, తలుపు తాళం తుప్పు పట్టింది. మామిడి కోతలు మొదలయ్యేలోగా దాన్ని తెరుస్తారో లేదో, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో సంబంధిత అధికారుల చేత మీ పత్రిక ద్వారానైనా చెప్పించగలరు.

— ఒక పాఠకుడు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా